పోస్టర్లు మేమే అంటించుకున్న రోజులు

హైదరాబాద్‌లో అప్పట్లో రాక్ బ్యాండ్లు ఉండేవా బాబాయ్ అని మా అన్నయ్య కొడుకు అడిగితే కాసేపు ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. ఉండేవి, బోలెడు ఉండేవి. తొంభైల్లో సికింద్రాబాద్ వైపు ఆంగ్లో ఇండియన్ కుటుంబాల కుర్రాళ్లు, కంటోన్మెంట్‌లో ఆర్మీ ఆఫీసర్ల పిల్లలు, ఇంజనీరింగ్ కాలేజీల వాళ్లు, నాలాగా విజయవాడ నుంచి చదువుకోడానికొచ్చి హాస్టల్లో పక్క రూమ్ వాడు పెట్టిన క్యాసెట్ విని అందులో పడిపోయిన వాళ్లు, అందరం కలిస్తే ఓ చిన్న లోకం. ఆ పాటలు చాలావరకు రికార్డు కాలేదు, పేపర్లలో రాలేదు, ఫొటోలు ఎవరి అటక మీద ఉన్నాయో తెలీదు. అందుకే అసలు లేనట్టే అయిపోయింది. అది ఎలా నడిచేదో, కంపెనీల డబ్బు వచ్చాక ఏమైందో నాకు గుర్తున్నంత వరకు రాసి పెడదామని ఇది.

నాకు ఏ వాయిద్యమూ రాదు. మా క్లాస్‌మేట్ల బ్యాండ్ ఒకటి ఉండేది, దాని వెనకాల తిరిగే అయిదారుగురిలో నేనొకణ్ణి. యాంప్లు (గిటార్ శబ్దం పెంచే పెట్టెలు) మోయడం, పోస్టర్లు అంటించడం, గేటు దగ్గర టికెట్లు చింపడం, పోలీస్ స్టేషన్‌కి వెళ్లి మైక్ పర్మిషన్ తెచ్చుకోవడం మా పని. గిటార్ గివ్‌సన్, కలకత్తాలో తయారయ్యేది. యాంప్ స్ట్రేంజర్, అదీ మన దేశం సరుకే. ఫారిన్ గిటార్ ఉన్నవాడు ఊళ్లో ఎవడైనా ఉన్నాడని తెలిస్తే వాడింటికి వెళ్లి చూసొచ్చేవాళ్లం, ఓసారి చేతికిస్తే ఆ రోజు పండగే.

పాటలన్నీ కాపీ క్యాసెట్లే. రెండు క్యాసెట్లు పట్టే డబుల్ డెక్ టేప్ రికార్డర్ ఉన్నవాడి ఇంటి ముందు క్యూ. కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ తీసేసరికి పాటకంటే హిస్సు ఎక్కువ వినిపించేది, అయినా అదే వినీ వినీ బట్టీ పట్టేవాళ్లం. వేరే ఊళ్లలో మనలాంటివాళ్లు ఉన్నారని తెలిసిందే రాక్ స్ట్రీట్ జర్నల్ వల్ల. అమిత్ సైగల్ 1993లో అలహాబాద్ నుంచి మొదలుపెట్టిన పత్రిక అది. ఢిల్లీ కాదు, బొంబాయి కాదు, అలహాబాద్! ఆ మాట మాకు ఎంత ధైర్యం ఇచ్చిందో ఇప్పుడు చెప్పినా అర్థం కాదు. అలహాబాద్ నుంచి అవుతుంటే సికింద్రాబాద్ నుంచి ఎందుకు కాదు అని. ఒక్క కాపీ వస్తే హాస్టల్ మొత్తం తిరిగి పేజీలు ఊడి నా దగ్గరికొచ్చేది. షిల్లాంగ్‌లో ఎవరున్నారో, బెంగుళూరులో ఎవరున్నారో అందులో చదివే తెలిసేది. ఆయనే 1997లో గ్రేట్ ఇండియన్ రాక్ అనే మ్యూజిక్ పండగ మొదలుపెట్టాడు. 2012 జనవరిలో గోవాలో పోయాడు, ఆ రోజు నాకు ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది.

పోస్టర్ల సంగతి చెప్పాలి. జిరాక్స్ తీయించిన పోస్టర్లు, బొమ్మ మా డ్రమ్మరే వేసేవాడు. జిగురు మేమే కాచుకునేవాళ్లం. మైదాపిండి చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, పొయ్యి మీద పెట్టి, గరిటె జారుగా వచ్చేదాకా తిప్పుతూనే ఉండాలి. దించే ముందు చిటికెడు మైలుతుత్తం వేయాలి, లేకపోతే పురుగు పడుతుంది, పైగా పొద్దున్నే మేకలొచ్చి పోస్టర్ పీక్కుతింటాయి. మైలుతుత్తం విషం కాబట్టి మెస్‌లో వంట బాబాయ్ గిన్నెలు ఇచ్చేవాడు కాదు, పాత పెయింట్ డబ్బాలో కాచేవాళ్లం. రాత్రి పన్నెండు దాటాక స్కూటర్ మీద ఇద్దరం, వెనక కూర్చున్నవాడి ఒళ్లో డబ్బా, చంకలో పోస్టర్ల చుట్ట. తార్నాక నుంచి ప్యారడైజ్ దాకా. కొత్త సినిమా పోస్టర్ మీద మాత్రం ఎప్పుడూ అంటించకూడదు, దాని పక్కన జాగా చూసుకోవాలి, లేకపోతే ఫ్యాన్స్ కొడతారు. ఆ గోడలన్నీ ఇప్పటికీ నాకు గుర్తే, ఏ గోడకి సున్నం రాలుతుందో, ఏ గోడ మీద జిగురు పట్టదో కూడా.

సౌండ్ అంటే ముషీరాబాద్ నుంచి పెళ్లిళ్లకీ వినాయక చవితి పందిళ్లకీ మైక్ సెట్ పెట్టే అన్న. అహూజా యాంప్లిఫయర్, కాలమ్ స్పీకర్లు. మొదటిసారి మా గిటారిస్ట్ డిస్టార్షన్ పెడల్ తొక్కగానే పరిగెత్తుకుంటూ స్టేజ్ దగ్గరికొచ్చాడు. "ఆపుండ్రి తమ్మీ, స్పీకర్ చినిగినట్టుంది, ఒకటే గరగర వస్తున్నది" అని. అది అట్లనే రావాలన్నా అంటే నమ్మలేదు, వెనక్కెళ్లి స్పీకర్‌కి చెవి ఆనించి విన్నాడు. తర్వాత తర్వాత ఆయనకే అలవాటైపోయి, "ఇంకింత గరగర పెట్టమంటవా తమ్మీ" అని అడిగేవాడు. వేరే బ్యాండ్ వాళ్లకి మా పేరు చెప్పి తక్కువకి చేసేవాడు కూడా. ఒక మనిషి అలా మెల్లగా మన మనిషి అవడం ఉంది చూశారూ, మా ఊళ్లో ఈ మ్యూజిక్ నిలబడిందంటే దానివల్లే అని నా నమ్మకం. హాల్ వాచ్‌మన్, జిరాక్స్ షాపాయన, పోలీస్ స్టేషన్‌లో పర్మిషన్ కాగితం మీద సంతకం పెట్టే రైటర్ గారు, వీళ్లందరికీ మేమెవరో తెలుసు. టికెట్ ఇరవై రూపాయలు. ఖర్చులు పోను ఏమైనా మిగిలితే గిటార్ స్ట్రింగ్స్‌కి. చాలాసార్లు మిగిలేది కాదు, అప్పుడు అందరం తలా కొంత వేసుకునేవాళ్లం.

ఒక ఏడాది ఆగస్టులో హుస్సేన్ సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి బొంబాయి వెళ్లాం, ఇండిపెండెన్స్ రాక్ చూడ్డానికి. ఫర్హాద్ వాడియా ఎనభైల మధ్యలో మొదలుపెట్టిన పండగ అది, ధోబీ తలావ్ దగ్గర రంగ్ భవన్‌లో జరిగేది. పైన కప్పు లేదు, వానలో తడుస్తూ వేలమంది. మా వూళ్లో నూట యాభై మంది వస్తే హిట్ షో. ఆ జనాన్ని చూసి మా సింగర్ తిరుగు ప్రయాణంలో షోలాపూర్ దాకా ఒక్క ముక్క మాట్లాడలేదు. తర్వాత రెండు వేల మొదట్లో శబ్దం రూల్స్ వచ్చి, చుట్టుపక్కల హాస్పిటళ్లు, కాలేజీలు ఉన్నాయని సైలెన్స్ జోన్ కింద రంగ్ భవన్‌లో షోలు ఆగిపోయాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా దగ్గరికి కంపెనీ వచ్చింది. మద్యం కంపెనీ, పేరు వద్దు. వాళ్లు మ్యూజిక్ వైపు ఎందుకొచ్చారో తెలియాలంటే యాడ్స్ సంగతి తెలియాలి. కేబుల్ టీవీ రూల్స్ ప్రకారం టీవీలో మందుకీ సిగరెట్లకీ ప్రకటనలు వేయకూడదు. 2003లో వచ్చిన పొగాకు చట్టమైతే సిగరెట్ కంపెనీల స్పాన్సర్‌షిప్‌కి కూడా అడ్డుకట్ట వేసింది. మందు కంపెనీలు అదే పేరుతో సోడా, మంచినీళ్లు, మ్యూజిక్ సీడీలు పెట్టి వాటికి యాడ్స్ ఇచ్చేవి. సోడా యాడ్ చూసి సోడా కొనేవాడు ఎవడూ ఉండడని అందరికీ తెలుసు. కానీ పాతికేళ్ల కుర్రాళ్లు ఒకచోట గుమిగూడే కచేరీ దొరికితే, అక్కడ పేరు ఎంత పెద్దగా రాసుకున్నా అడిగేవాడు లేడు. మేం చెమటోడ్చి పోగుచేసుకున్న ఆ నూట యాభై మందే వాళ్లకి కావలసింది.

మొదటి షో గురించి అబద్ధం చెప్పను, అద్భుతంగా జరిగింది. బ్యాండ్‌కి మొదటిసారి డబ్బులిచ్చారు, చేతికి చెక్కు. స్టేజ్ మీద మానిటర్లు, అంటే పాడేవాళ్లకే వినపడేలా వాళ్ల వైపు తిప్పిన స్పీకర్లు పెట్టారు. అప్పటిదాకా మా సింగర్ పాడేటప్పుడు తన గొంతు తనకే వినిపించేది కాదు, చెవిలో వేలు పెట్టుకుని పాడేవాడు. ఆ రోజు సౌండ్ చెక్‌లో తన గొంతు తను విని, ఆగిపోయి, మా వైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఏ కంపెనీకైనా దణ్ణం పెట్టబుద్ధేస్తుంది.

తర్వాత ఒక్కొక్కటే. పోస్టర్లు ప్రింట్ అయి వచ్చేవి, అంటించడానికి వాళ్ల ఏజెన్సీ మనుషులు. బ్యాండ్ పేరు కింద, చిన్న అక్షరాల్లో. సౌండ్ బెంగుళూరు నుంచి లారీలో. ముషీరాబాద్ అన్నకి కబురు పెట్టాల్సిన పని లేదు. పర్మిషన్లు కూడా వాళ్లే. మాకు చేతినిండా పాసులు ఇచ్చేవాళ్లు, హాయిగా వచ్చి చూసి వెళ్లండి అన్నట్టు. ప్రతి రెండు పాటలకీ యాంకర్ వచ్చి బ్రాండ్ పేరు అరిపించేది. అది కూడా సర్దుకోవచ్చు.

మా వాళ్లకి ఒక పాట ఉండేది, తెలుగులో రాసుకున్నది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్లు కలిసి నక్కవాగు ఎలా పాడైపోయిందో దాని మీద. మా బేసిస్ట్ వాళ్ల అమ్మమ్మగారిది ఆ చుట్టుపక్కల ఊరే, బోర్లలో రంగునీళ్లు రావడం వాడు కళ్లారా చూసి రాసిన పాట. జనం లేచి నిలబడి పాడేవాళ్లు దాన్ని. రెండో ఏడాది షోకి ముందు మార్కెటింగ్ మేనేజర్ చాలా మర్యాదగా, బాస్, ఆ ఒక్కటీ వద్దు, మూడ్ హ్యాపీగా ఉండాలి, పైవాళ్లు వస్తున్నారు అన్నాడు. గొడవేం జరగలేదు, ఎవరూ బెదిరించలేదు. పాడలేదు, అంతే. ఆ తర్వాత ఆ పాట వేరే షోల్లో కూడా పాడటం మానేశారు, ఎందుకు మానేశారో నేనడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. దాని రికార్డింగ్ లేదు. రెండు చరణాలు నాకొచ్చు, మూడోది ఎవరికీ గుర్తులేదు.

తర్వాత ఆ మేనేజర్ ట్రాన్స్‌ఫర్ అయ్యాడు. కొత్తగా వచ్చినాయనకి రాక్ మీద ఆసక్తి లేదు, బడ్జెట్ అంతా క్రికెట్ మ్యాచ్‌లకి పబ్బుల్లో స్క్రీన్లు పెట్టడానికి వెళ్లిపోయింది. కనీసం ఫోన్ చేసి చెప్పలేదు, మేం చేస్తే ఎత్తలేదు.

సరే, మళ్లీ మనమే చేసుకుందాం అనుకున్నాం. నాకు నిజంగా గుండె కలుక్కుమన్నది అప్పుడే. కంపెనీ ఇచ్చిన రేటుకి అలవాటుపడి హాల్ వాళ్లు అద్దె అమాంతం పెంచేశారు. మైక్ సెట్ అన్న దుకాణం ఎత్తేసి కరీంనగర్ వెళ్లిపోయాడని తెలిసింది. స్టేషన్‌లో రైటర్ మారిపోయారు, కొత్తాయనకి మేమెవరో తెలీదు. కొత్తగా వచ్చిన బ్యాండ్ల పిల్లలు మానిటర్లు లేకుండా ఎలా వాయిస్తాం అన్నా అని అడిగారు, వాళ్ల తప్పేముంది, వాళ్లకి తెలిసిన స్టేజ్ అదే. వచ్చేవాళ్లు టికెట్ అంటే ఆశ్చర్యపోయి పాసులు లేవా అన్నారు. మాతో తిరిగినవాళ్లలో సగం మంది అప్పటికే ఉద్యోగాలకి అమెరికా వెళ్లిపోయారు, మిగిలినవాళ్లలో జిగురు కాయడం ఎలాగో తెలిసింది నాకొక్కడికే. షో జరగలేదు.

కంపెనీ వాళ్లు మా పాటలు ఎత్తుకుపోయారని చాలామంది అంటారు గానీ, నాకు పాటల కంటే ఆ పనులు పోవడమే పెద్ద దెబ్బ అనిపిస్తుంది. మా చేతుల్లోంచి ఒక్కో పనీ తీసేసుకున్నారు, మేం సంతోషంగా ఇచ్చేశాం. వాళ్లు లేచి వెళ్లిపోయేటప్పుడు ఆ పనులు మాకు తిరిగి రాలేదు.

ఇదేమీ కొత్త కథ కాదని తర్వాత తెలిసింది. మన దేశంలో రాక్ మొదటి రోజుల్లోనే సిగరెట్ కంపెనీ ఉంది. సిమ్లా అనే సిగరెట్ల ప్రచారానికి అరవైల చివర్లో సిమ్లా బీట్ అని దేశవ్యాప్తంగా బ్యాండ్ల పోటీ పెట్టేవాళ్లు. 1970, 71లో గెలిచిన బ్యాండ్లతో రెండు ఎల్పీ రికార్డులు తీశారు. మద్రాస్ నుంచి కన్ఫ్యూజన్స్, బెంగుళూరు డైనోసార్స్, షిల్లాంగ్ ఫెంటోన్స్, కలకత్తా నుంచి గ్రేట్ బేర్. ఆ రికార్డుల కోసం ఇప్పుడు యూరప్‌లో కలెక్టర్లు ఎగబడతారు. ఆ పోటీ లేకపోతే ఆ గొంతులు మనకి మిగిలేవే కావు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ పోటీ ఆగిపోయాక ఆ కుర్రాళ్లలో ఎంతమంది వాయిస్తూ ఉన్నారు? ఆ పేర్లలో చాలావాటి గురించి మళ్లీ వినిపించదు.

దీనికి ఎదురు ఉదాహరణ గోవా గాయకుడు రెమో ఫెర్నాండెజ్. గోవాలో ఇంట్లోనే చిన్న మెషీన్ మీద అన్ని వాయిద్యాలూ తనే వాయించి 1984లో గోవన్ క్రేజీ అనే ఆల్బమ్ రికార్డు చేసి, క్యాసెట్లు స్కూటర్ మీద పెట్టుకుని షాపు షాపుకీ తిరిగి అమ్ముకున్నాడు. 1990లో లెహర్ పెప్సీ మొదటి యాడ్‌లో ఆయనే ఉన్నాడు. దానికి ఆయన్ని తప్పుపట్టేవాళ్లని చూశాను, నేను పట్టను. పెప్సీ ఉన్నా పోయినా ఆయనకి క్యాసెట్ చేయడం వచ్చు, అమ్మడం వచ్చు.

ఎనర్జీ డ్రింక్ కంపెనీ రెడ్‌బుల్ పెట్టిన మ్యూజిక్ అకాడమీ 1998లో బెర్లిన్‌లో మొదలైంది, ఇరవై ఏళ్లకి పైగా ప్రపంచంలో ఎక్కడెక్కడి పిల్లల్నో పిలిచి, స్టూడియోలిచ్చి, గొప్ప గొప్పవాళ్లతో పాఠాలు చెప్పించింది. ఆ పాఠాల వీడియోలు ఇప్పటికీ చూస్తుంటాను, అంత శ్రద్ధగా ఏ యూనివర్సిటీ చేసిందో చెప్పండి. 2019లో కంపెనీ మనసు మారింది, అక్టోబర్ ఆఖరికల్లా మూసేశారు, రేడియోతో సహా. అది చదివినప్పుడు నాకు మా మేనేజర్ ట్రాన్స్‌ఫరే గుర్తొచ్చింది. బెర్లిన్ అయినా హైదరాబాద్ అయినా ఆఫీసులో ఎవరో ఒక కాగితం మీద గీత గీస్తారు.

పుణెలో ఉద్యోగం చేసే రోజుల్లో ఎన్‌హెచ్7 వీకెండర్ అనే మ్యూజిక్ పండగకి వెళ్లేవాణ్ణి. 2010లో అక్కడే మొదలైంది, ముందు బకార్డీ అనే మద్యం కంపెనీ పేరు. దాన్ని పెట్టిన విజయ్ నాయర్ అంతకుముందు పెంటాగ్రామ్ బ్యాండ్‌కి మేనేజర్, అంటే పెట్టెలు మోసి పైకొచ్చిన మనిషే. అక్కడ వేలమంది ముందు మన బ్యాండ్లు సొంత పాటలు పాడుతుంటే నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి, రంగ్ భవన్ తర్వాత మళ్లీ అంత జనం చూడటం అప్పుడే. కానీ స్టేజీల పేర్లు చూడండి: ఎరిస్టాఫ్ వుల్వ్స్ డెన్, పెప్సీ డబ్ స్టేషన్, డ్యువారిస్ట్స్ స్టేజ్. ఎరిస్టాఫ్ వోడ్కా, డ్యువార్స్ విస్కీ, రెండూ బకార్డీ వాళ్లవే. డ్యువారిస్ట్స్ అని 2011లో టీవీ షో కూడా వచ్చింది, చాలా అందంగా తీశారు, అయినా అది విస్కీ పేరే. కలిసి చూసిన ఫ్రెండ్ని ఫలానా బ్యాండ్‌ని ఎక్కడ విన్నాం రా అని అడిగితే, పెప్సీ దగ్గర మామా అంటాడు. 2016లో అదే పండగ హైదరాబాద్‌కీ వచ్చింది. ఒక్క ఏడాది.

ఇప్పుడు ర్యాప్ వంతు. 2017లో బూట్ల కంపెనీ ప్యూమా తీసిన ర్యాప్ వీడియో సూయెడ్ గల్లీ, అదే ఏడాది బకార్డీ వాళ్ల డ్రింక్ బ్రీజర్ పేరుతో హిప్‌హాప్ డాన్స్ పోటీలు, 2019లో గల్లీ బాయ్ సినిమా, వెంటనే యూనివర్సల్ మ్యూజిక్ కంపెనీతో కలిసి మాస్ అప్పీల్ అనే ర్యాప్ లేబుల్. రాక్‌కి ఇరవై ఏళ్లు పట్టిన దారి ర్యాప్‌కి మూడేళ్లలో అయిపోయింది. ఓల్డ్ సిటీలో దక్కనీలో ర్యాప్ చేసే పిల్లల్ని వింటుంటాను. ఎంత బాగా రాస్తారో, భయం లేకుండా. వాళ్ల మీద నాకు బెంగ కూడా.

మా సింగర్‌తో ఈ మాటలు ఫోన్లో చెబితే ఒప్పుకోడు. "నువ్వు మోసినోడివి మామా, నేను పాడినోణ్ణి. పదేళ్లు పాడితే నాకు డబ్బులిచ్చింది వాళ్లొక్కరే. ఆ చెక్కుతోనే మా నాన్న కంటి ఆపరేషన్ చేయించా, తెలుసా నీకు" అన్నాడు. తెలీదు నాకు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉండకూడదు కూడా. మరి నక్కవాగు పాట ఎందుకు మానేశావు అని మాత్రం అడిగాను. చాలాసేపు ఆలోచించి, "ఎవరూ వద్దనలేదు రా, నాకే నోరు రాలేదు" అన్నాడు.

మా డ్రమ్మర్ ఇప్పుడు సైనిక్‌పురిలో పిల్లలకి డ్రమ్స్ నేర్పుతాడు. వాళ్ల దగ్గర సొంత పాటలున్నాయి, పాడటానికి చోటు లేదు, స్పాన్సర్ దొరికితే చేద్దాం సార్ అంటుంటే, ఆగండి, ముందు మీరే చేయండి అన్నాడట. నన్ను పిలిచాడు. ఓ స్కూల్ ఆడిటోరియం ఆదివారం మధ్యాహ్నానికి మాట్లాడాం. సౌండ్‌కి మల్కాజ్‌గిరిలో ఓ మైక్ సెట్ తమ్ముణ్ణి పట్టుకున్నాం, డిస్టార్షన్ గురించి ముందే చెప్పి ఉంచాను. పర్మిషన్ లెటర్ ఎలా రాయాలో, స్టేషన్‌లో ఎవర్ని కలవాలో పిల్లలకి చూపిస్తే ఇంటర్ చదివే అమ్మాయి ఒకతి వెళ్లి తనే సంతకం పెట్టించుకొచ్చింది. ఎనర్జీ డ్రింక్ కంపెనీ తరఫున ఒకతను అప్పుడే ఫోన్ చేశాడు, రెండు కూలర్లు, ఒక బ్యానర్ అన్నాడు. టికెట్ కొనుక్కుని రమ్మని చెప్పాడు మావాడు. టికెట్ రెండు వందలు. పాసులు ఎవరికీ లేవు, నాకూ లేదు.